మధుమేహం ఉన్నవారు - పండ్లు: షోలాపూర్ నేతవాడలకు ఒక కొలత

మధుమేహం ఉన్నదని వైద్యుడు చెప్పిన నాడే మన ఇళ్ళలో మొదట నిషేధానికి గురయ్యేది పండు. అరటి, మామిడి, సీతాఫలం పేరెత్తితే చాలు, "షుగరు పెరుగుతుంది, ముట్టుకోవద్దు" అని ఇంటిల్లిపాదీ వారిస్తారు. అదే ఇంట్లో అదే మనిషికి రోజుకు నాలుగైదు మార్లు చక్కెర వేసిన చాయ్ మాత్రం యథావిధిగా అందుతూనే ఉంటుంది. చాయ్‌తో పాటు ఖారీ, టోస్టు, బిస్కట్లు కూడా వస్తాయి. వాటిని ఎవరూ లెక్కించరు. ఈ లెక్క తారుమారు కావడం వల్ల కలిగే నష్టమేమిటి, మధుమేహం ఉన్నవారు ఏ పండు ఎంత తినవచ్చు, ఎప్పుడు తినకూడదు అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది మన విషయం ఎందుకైంది?

తెలంగాణ పల్లెల నుండి తరతరాలుగా వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు షోలాపూర్ నగరపు తూర్పు భాగంలో స్థిరపడ్డాయి. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు మొదలైన తరువాత ఆ వలస మరింత పెరిగింది. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్, అశోక్ చౌక్, కుచన్ నగర్, విడి ఘర్‌కుల్ వంటి వాడలలో నేటికీ తెలుగు వినబడుతుంది. సరిహద్దు గ్రామాలలో ఉన్న మనలో అనేకులకు ఆ వాడలలో అన్నదమ్ములో, ఆడబిడ్డలో, వియ్యంకులో ఉన్నారు. రాకపోకలు, పెళ్ళిళ్ళు, పండుగలు ఒకటే. తిండి అలవాట్లు కూడా చాలావరకు ఒకటే.

ఆ వాడల పనులు ఎలాంటివో అందరికీ తెలుసు. పురుషులలో ఎక్కువ మంది మరమగ్గాల దగ్గర పగటి పాళీ, రాత్రి పాళీ చేస్తారు. స్త్రీలలో అనేకులు గడపలో కూర్చుని చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడతారు. ఒకరిది గంటల తరబడి నిలబడే పని, మరొకరిది గంటల తరబడి కూర్చునే పని. రెండింటిలోనూ భోజన సమయం నిలకడగా ఉండదు.

ఈ వృత్తులలో మధుమేహం చేసే హాని అందరికంటే ముందు జీవనోపాధిని తాకుతుంది. మగ్గం మీద తెగిన పోగును పట్టుకొని ముడి వేయాలంటే కంటిచూపు కావాలి, వేలికొసలకు స్పర్శ కావాలి. బీడీ చుట్టే చేతికి కూడా అంతే. అదుపులో లేని చక్కెర ఏళ్ళ తరబడి కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పాదాలలో, ఆ తరువాత చేతులలో నరాలను మొద్దుబారుస్తుంది. మూత్రపిండాలను బలహీనపరుస్తుంది. కాబట్టి ఏమి తినాలన్న ప్రశ్న ఈ కుటుంబాలకు కూలి ప్రశ్న కూడా.

దేశం మొత్తం మీద చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో చెన్నై మధుమేహ పరిశోధన సంస్థ వారు జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆ అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

పండులోని తీపి, చాయ్‌లోని తీపి

ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున 5 కప్పుల చాయ్ తాగితే 50 గ్రాముల చక్కెర. 2,000 క్యాలరీల ఆహారం తీసుకునే మనిషికి విడిగా కలిపిన చక్కెర 50 గ్రాములు మించరాదనీ, 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇది ఆరోగ్యవంతులకు చెప్పిన హద్దు. మన చాయ్ ఒక్కటే ఆ హద్దును చేరుకుంటున్నది.

ఇక 100 గ్రాముల జామపండును చూడండి. అందులో పిండిపదార్థాలు మొత్తం 14 గ్రాములు. వాటిలో 5 గ్రాములు పీచు, 9 గ్రాములు తీపి. అంటే ఒక కప్పు చాయ్‌లోని చక్కెర, ఒక జామపండులోని తీపి దాదాపు సమానం. అయితే చాయ్‌లోని చక్కెర వెంటనే రక్తంలో చేరుతుంది. జామలోని తీపి పీచుతో పెనవేసుకొని ఉండడం వల్ల నెమ్మదిగా చేరుతుంది. పైగా జామ కడుపు నింపుతుంది, సి విటమిను ఇస్తుంది.

బెల్లం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చక్కెర మాని బెల్లం చాయ్ తాగితే దోషం లేదన్న మాట సరికాదు. రక్తంలోని చక్కెర విషయంలో రెండింటికీ చెప్పుకోదగిన భేదం లేదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

పండ్లు తగ్గించడం వల్ల ఉపయోగముంటుందా అని డెన్మార్క్‌లో పరీక్షించి చూశారు. కొత్తగా మధుమేహం బయటపడిన 63 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రోజుకు కనీసం 2 పండ్లు తినమన్నారు. రెండవ జట్టును 2 పండ్లకు మించవద్దన్నారు. 12 వారాల తరువాత సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఈ ఫలితం 2013లో ప్రచురితమైంది.

చైనాలో సుమారు 5 లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించిన మరో అధ్యయనం 2017లో వెలువడింది. మధుమేహం ఉన్నవారిలో వారానికి 3 రోజులకు మించి తాజా పండ్లు తిన్నవారికి, అరుదుగా తిన్నవారితో పోల్చితే మరణ ప్రమాదం 17 శాతం తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. రక్తనాళాల సంబంధమైన ఉపద్రవాలు కూడా తక్కువగానే కనిపించాయి. ఇటువంటి పరిశీలన ఆ మేలు పండు వల్లనే కలిగిందని రుజువు చేయదు. కానీ పండు విషంతో సమానమన్న భయానికి ఆధారం లేదని మాత్రం స్పష్టం చేస్తుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, 2,000 క్యాలరీల పళ్ళెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలతో పాటు 100 గ్రాముల పండ్లు ఉండాలని పేర్కొన్నారు.

ఒక వంతు పండు అంటే ఎంత?

15 గ్రాముల పిండిపదార్థాలు ఇచ్చే పండు భాగాన్ని ఒక వంతుగా లెక్కిస్తారు. మధుమేహం అదుపులో ఉన్నవారు సాధారణంగా రోజుకు ఒక వంతు, వైద్యుని సలహాపై రెండు వంతులు తినవచ్చు. రెండు వంతులను ఒకేసారి తినరాదు. పూటకు ఒకటిగా విడదీయాలి. షోలాపూర్ అంగడిలో పండ్లను మరాఠీ పేర్లతో పిలుస్తారు గనుక రెండు పేర్లూ ఇస్తున్నాము. బరువులన్నీ తొక్క, గింజ తీసిన భాగానివి.

- జామ, మరాఠీలో పేరు: మధ్యస్థమైనది 1, సుమారు 100 గ్రాములు. తొక్కతో సహా కొరికి తినాలి.
- నేరేడు, జాంభూళ్: సుమారు 100 గ్రాములు.
- బొప్పాయి, పపయి: ముక్కలు 140 గ్రాములు.
- కమలా, సంత్రా: మధ్యస్థమైనది 1. బత్తాయి, అనగా మోసంబి కూడా అంతే. తొనలుగా తినాలి.
- సేపు, సఫర్‌చంద్: చిన్నది 1.
- దానిమ్మ, డాళింబ్: మధ్యస్థమైన పండులో సగం గింజలు, 80 గ్రాములు.
- పుచ్చకాయ, కలింగడ్: ముక్కలు 200 గ్రాములు.
- రేగు, బోర్: ఒక గుప్పెడు.
- అరటి, కేళీ: చిన్నది 1, పెద్దదైతే సగం.
- మామిడి, ఆంబా: ముక్కలు 100 గ్రాములు.
- సపోటా, చిక్కూ: మధ్యస్థమైనది 1.
- సీతాఫలం, సీతాఫళ్: చిన్నది 1, పెద్దదైతే సగం.
- ద్రాక్ష: 15 నుండి 17 పండ్లు.
- ఎండు ద్రాక్ష: 20 గ్రాములు, అనగా రెండు చెంచాలకు మించి కాదు.
- ఖర్జూరం: చిన్నవి 3, పెద్దదైతే 1.

ఈ పట్టికలో ఒక విషయం గమనించాలి. 80 గ్రాముల తాజా ద్రాక్ష, 20 గ్రాముల ఎండు ద్రాక్ష సమానం. ఎండినప్పుడు నీరు పోతుంది గాని తీపి పోదు. షోలాపూర్, సాంగ్లీ జిల్లాలలో ఎండు ద్రాక్ష విరివిగా తయారవుతుంది. చవకగా దొరుకుతున్నది కదా అని గుప్పెడు నోట్లో వేసుకుంటే రెండు మూడు వంతులు ఒక్కసారే లోపలికి వెళ్ళినట్లు.

వేగం, పరిమాణం

ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే సూచికను టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించింది. గ్లూకోజుకు 100 మార్కులు. ఆ లెక్కలో సేపుకు సుమారు 36, కమలాకు 43, అరటికి, మామిడికి 51, పుచ్చకాయకు 76. ఈ అంకె ఒక్కటే చూస్తే పుచ్చకాయ అన్నిటికంటే ప్రమాదకరమనిపిస్తుంది. కానీ 100 గ్రాముల పుచ్చకాయలో పిండిపదార్థాలు 7, 8 గ్రాములే. మిగిలినదంతా దాదాపు నీరే. రెండు చిన్న ముక్కలు తింటే హాని లేదు, సగం కాయ తింటేనే హాని. కాబట్టి పండు పేరు కంటే పండు పరిమాణమే ముఖ్యమని గ్రహించాలి.

పండిన స్థితి కూడా ముఖ్యమే. అరటి మగ్గే కొద్దీ అందులోని పిండి తీపిగా మారుతుంది. మచ్చలు పడి మెత్తబడిన అరటి కంటే గట్టిగా ఉన్న అరటి మేలు.

రసం పండు కాదు

ఒక గ్లాసు మోసంబి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు. పీచు పిప్పిలో పోతుంది, తీపి గ్లాసులో చేరుతుంది. మూడు కాయలు ఒలుచుకొని తినడానికి పావు గంట పడుతుంది. గ్లాసు రసం తాగడానికి నిమిషం చాలు. అందుకే ఇంట్లో చక్కెర లేకుండా తీసిన రసమైనా మధుమేహం ఉన్నవారికి తగదు. వేసవిలో వీధి వీధినా వెలిసే రసవంతుల చెరకు రసం ఒక గ్లాసులో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. చక్కెర కలిపిన ఆమ్రస్, మిల్క్ షేక్, సీతాఫలం రబ్డీ, డబ్బాలలో అమ్మే పండ్ల పానీయాలు కూడా ఈ కోవలోనివే.

రొట్టె లెక్కలో పండు

మన ప్రధానాహారం జొన్న రొట్టె, అన్నం. మంగళవేఢా జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించింది. జొన్న మంచిదే, కానీ అందులోనూ పిండిపదార్థాలు ఉన్నాయి. 65 గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టెలో అవి సుమారు 45 గ్రాములు. అనగా ఒక వంతు పండు ఒక రొట్టెలో మూడవ భాగానికి సమానం. భోజనంతో పాటు పండు తినదలచినవారు ఆ పూట రొట్టెలో మూడవ భాగమో, అన్నంలో ఒక పిడికెడో తగ్గించుకోవాలి. కడుపు నిండా భోంచేసి దాని పైన పండు తింటే దోషం పండుది కాదు, లెక్కది.

భోజనానికి విడిగా తినదలిస్తే పదకొండు గంటల వేళ గాని, సాయంత్రం నాలుగైదు గంటల వేళ గాని తినవచ్చు. ఆ వేళల్లో చాయ్, ఖారీలకు బదులు ఒక జామ, దానితో గుప్పెడు వేరుశనగ పప్పులు తీసుకుంటే తీపి మరింత నెమ్మదిగా రక్తంలో చేరుతుంది.

ఫలహారంలో ఫలమెక్కడ?

తెలుగులో ఫలహారం అంటే ఉప్మా, దోసె అన్న అర్థం వచ్చింది. మరాఠీలో ఫరాళ్ అనే మాట కూడా ఫలాహారం నుండి పుట్టినదే. దానికి దీపావళి చిరుతిళ్ళు అనో, ఉపవాసపు తిండి అనో అర్థం. రెండు భాషలలోనూ పేరులో ఫలం మిగిలింది గాని పళ్ళెంలో మిగలలేదు. ఏకాదశి నాడు తినే సాబుదాణా ఖిచిడీ దాదాపు పూర్తిగా పిండి. రోజంతా పస్తుండి ఒకేసారి ఖిచిడీ, నాలుగు అరటిపండ్లు తినడం మధుమేహం ఉన్నవారికి రెండు విధాలా ప్రమాదం. పగలు చక్కెర పడిపోవచ్చు, సాయంత్రం ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యుని అడిగి మాత్రల వేళలు మార్చుకోవాలి.

శ్రావణ పౌర్ణమి నాటి మార్కండేయ రథోత్సవంలో గాని, సంక్రాంతికి జరిగే సిద్ధేశ్వర జాతరలో గాని ప్రసాదంగా వచ్చిన పండు ముక్కను నిరాకరించనవసరం లేదు. ఒక ముక్క ప్రసాదం, పళ్ళెం నిండా అయితే అది భోజనం. బంధువులను చూడబోయేటప్పుడు డజను అరటిపండ్లు, గ్లూకోజు బిస్కట్లు తీసుకుపోయే మర్యాదను కూడా కొంచెం మార్చుకోవచ్చు. షుగరు ఉన్న ఇంటికి జామ, మోసంబి, బొప్పాయి తీసుకువెళ్ళడం మేలు. దసరా రోజులలో పాలమూరు వైపు నుండి సీతాఫలాల గంప పంపేవారు, వాటిని ఇంటిల్లిపాదీ పంచుకొమ్మని కూడా ఒక మాట చెప్పి పంపాలి.

చవకైన పండే చాలు

పండ్లు కలవారి తిండి అన్న అభిప్రాయం సరికాదు. దూరదేశాల నుండి వచ్చే సేపులే పండ్లు కావు. కాలంలో దొరికే జామ, రేగు, నేరేడు, బొప్పాయి చాలు. దానిమ్మకు షోలాపూర్ జిల్లా పెట్టింది పేరు. 2005లో అక్కడ జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం ఏర్పడింది, 2016లో షోలాపూర్ దానిమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎగుమతికి పోని చిన్న కాయలు, మచ్చ కాయలు సంతలో తక్కువ ధరకు దొరుకుతాయి. గింజలలో లోపం లేకపోతే పోషకాలలోనూ లోపం ఉండదు.

నేరేడు గింజల పొడి, కాకరకాయ రసం తీసుకుంటూ మాత్రలు మానేసేవారు కొందరున్నారు. ఇవి మందులకు ప్రత్యామ్నాయం కావు. మాత్రలు మానడం ప్రమాదకరం.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

మూత్రపిండాలు దెబ్బతిన్నవారు పండ్ల విషయంలో వైద్యుని మాట తప్పరాదు. అరటి, కమలా, ఎండు పండ్లు, కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. బలహీనపడిన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. అది గుండె లయను దెబ్బతీయవచ్చు. నక్షత్రాకారపు కమరఖ కాయ వీరికి పూర్తిగా నిషిద్ధం. గర్భిణులు, ఇన్సులిన్ తీసుకునే పిల్లలు కూడా తమ కొలతను వైద్యుని వద్దనే నిర్ణయించుకోవాలి.

పండ్ల రసం మందయ్యే వేళ

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోవచ్చు. రాత్రి పాళీ చేసేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తడబాటు దీని లక్షణాలు. చక్కెర 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి గాని, అర గ్లాసు తియ్యని పండ్ల రసం గాని ఇవ్వాలి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించి, తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. కోలుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. మగ్గం దగ్గర పని చేసేవారు జేబులో కొంచెం చక్కెర పొట్లం ఉంచుకోవడం, పక్క మగ్గం మనిషికి తమ వ్యాధి సంగతి చెప్పి ఉంచడం మంచిది.

మీ కొలత మీరే తెలుసుకోండి

ఒకే పండు ఇద్దరిలో ఒకే విధంగా పనిచేయదు. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే పండు తినడానికి ముందు ఒకసారి, తిన్న 2 గంటలకు ఒకసారి చూడండి. అదే పండు, అదే కొలతతో మరో రెండు రోజులు చూసి కాగితం మీద వ్రాయండి. తిన్న 2 గంటలకు 180 లోపు ఉంటే సాధారణంగా ఆ కొలత మీకు సరిపడినట్లే. దాటితే కొలత తగ్గించండి. ఒకే యంత్రాన్ని ఇంట్లో పలువురు వాడినప్పుడు సూది మాత్రం ఎవరిది వారికి కొత్తదే ఉండాలి. యంత్రం లేనివారు ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు. 30 ఏళ్ళు దాటిన వారికి ప్రభుత్వ కార్యక్రమం కింద అక్కడ చక్కెర పరీక్ష చేస్తారు. ఏడాదికి ఒకసారి కళ్ళు, పాదాలు, మూత్రపిండాల పరీక్ష తప్పక చేయించుకోవాలి.

బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో ఈ పని వారికి అప్పగించవచ్చు. కూరగాయల తక్కెడలో పండు తూచి, తాతకో నాయనమ్మకో వారి వంతు ఇచ్చి, అంకెలు నోటుపుస్తకంలో వ్రాయడం ఐదవ తరగతి పిల్లవానికి కష్టం కాదు. ఆ పుస్తకాన్ని వైద్యుని దగ్గరకు తీసుకువెళితే ఆయనకు కూడా మందు నిర్ణయించడం సులువవుతుంది.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కొరకు మాత్రమే. మందుల మోతాదు, ఆహార నియమాలు మార్చుకునే ముందు మీ వైద్యుని సంప్రదించవలసిందిగా మనవి.